నిప్పును వెచ్చదనమును: రాచపుండు చికిత్సలో ఒక చరిత్రము

నిప్పు వేఱు, వెచ్చదనము వేఱు. పాలు తోడుపెట్టు ప్రతి యిల్లాలికిని ఈ భేదము తెలియును. సలసల కాగు పాలలో వేసిన తోడు పనిచేయదు. చల్లని పాలలో వేసినను పనిచేయదు. పాలు గోరువెచ్చగా నున్నప్పుడే పెరుగగును. ఇంటిలో నింత తేలికగా తెలిసిన యీ భేదమును రాచపుండు చికిత్సలో గుర్తించుటకు వైద్యశాస్త్రమునకు నూఱేండ్లకు మించి పట్టినది. ఆ నూఱేండ్ల కథను మా చదువరులకు చెప్పవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

విషయము మొదటనే సంగ్రహముగా చెప్పుదుము. మానవశరీరపు సహజోష్ణము సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు. రాచపుండు కంతిని ఒక గంటసేపు 40 మొదలు 43 డిగ్రీల వఱకు వెచ్చజేసి, దానికి కొంచెము ముందుగనో వెనుకనో ఎక్స్-కిరణములను ప్రసరింపజేసినచో, కంతిలోని కణములు ఆ కిరణములకు మునుపటికంటె ఎక్కువగా లోబడును. వెచ్చదన మిచ్చట శత్రువును చంపు ఆయుధము కాదు. చంపువానికి తలుపు తీయు సహాయుడు. ఈ చికిత్సకు హైపర్‌థెర్మియా యని పేరు.

అగ్నితో చికిత్స చేయుట అతిప్రాచీనము. క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటిదని పండితులు చెప్పు ఎడ్విన్ స్మిత్తు పత్రమున, ఈజిప్టు వైద్యులు రొమ్ముపై లేచిన గడ్డలను కాల్చుట ప్రస్తావింపబడినది. గ్రీకుల హిప్పొక్రేటీసు పేర నున్న సూత్రములలో మందు, కత్తి, నిప్పు అను వరుస కనబడును. నిప్పునకును లొంగనిది అసాధ్యరోగమని వారి మతము. మన సుశ్రుతుడు సూత్రస్థానమున పండ్రెండవ యధ్యాయము నంతయు అగ్నికర్మమునకే విడిచెను. మందులకును, శస్త్రమునకును, క్షారమునకును లొంగని రోగములు అగ్నికి లొంగుననియు, అగ్నిచే దగ్ధమైనవి మరల తలయెత్తవనియు నాతని యభిప్రాయము. అగ్నికర్మమునకు యోగ్యములైన రోగములలో గ్రంథిని, అర్బుదమునుగూడ నాతడు పేర్కొనెను.

ఈ మాట చెవిని బడగానే మనవారిలో కొందఱు మీసము దువ్వుదురు. దొరలు నేడు కనిపెట్టిన దానిని మన ఋషులు రెండువేల యేండ్లనాడే కనిపెట్టిరని సభలలో నుపన్యసింతురు. మేమును సంస్కృతము చదివినవారమే. సుశ్రుతునియెడ మాకు గల గౌరవము ఎవరికిని తీసిపోదు. కాని ఆయన చెప్పినది దహనము, అనగా మాంసమును కాల్చివేయుట. మనము ప్రస్తుతము చెప్పుకొనుచున్నది జ్వరముపాటి వెచ్చదనము. మొదటిదానిలో చర్మము కమిలి మాడును. రెండవదానిలో చర్మముపై గుర్తైన నుండనక్కఱలేదు. ఈ రెంటిని ఒకటిగా చేసి గర్వించుట సుశ్రుతుని చదువకపోవుటచేతనే సంభవించును. చదివినవారికి మఱియొక సంగతియు తెలియవలెను. అదే యధ్యాయమున అగ్నికర్మమునకు తగనివారిని లెక్కించుచు ఆయన బాలురను, వృద్ధులను, దుర్బలులను, భయపడువారిని చేర్చెను. మన పల్లెలలో కామెర్ల పేరను, ఈడ్పుల పేరను పసిబిడ్డల కడుపుపై కాల్చిన యినుముతో వాతలు పెట్టించు తల్లిదండ్రులు పూర్వాచారమని చెప్పుదురు. ఏ పూర్వుని యాచారమో వారు చెప్పజాలరు. సుశ్రుతునిది మాత్రము కాదు.

ఇక కథకు వత్తము. నిప్పునుండి వెచ్చదనమునకు దారి చూపినది జ్వరము. 1866లో జర్మనీలోని బాన్ నగరమున బుష్ అను శస్త్రవైద్యుడు ఒక స్త్రీ ముఖముపైనున్న సార్కోమా కంతిని గూర్చి వ్రాసెను. ఆమెకు విసర్పరోగము సోకి తీవ్రజ్వరము వచ్చెను. ఆ జ్వరముతోపాటు కంతియు కరగిపోయెను. విసర్పమునకు కారణమైన సూక్ష్మజీవిని తరువాత ఫెలైసన్ అనువాడు గుర్తించెను. 1891లో న్యూయార్కున విలియం కోలీ యను యువవైద్యుడు, సార్కోమా రోగులకు ఆ సూక్ష్మజీవులను బుద్ధిపూర్వకముగ నెక్కించి జ్వరము తెప్పింప నారంభించెను. అది ప్రమాదకరమని తెలిసికొని, పిమ్మట చంపిన సూక్ష్మజీవుల రసమును వాడెను. కొందఱి కంతులు నిజముగా తగ్గినవి, పెక్కుమందివి తగ్గలేదు. ఆ తగ్గుదల జ్వరపు వేడివలననా, శరీరమునందలి రోగనిరోధకశక్తి మేల్కొనుటవలననా యను ప్రశ్నకు కోలీ కాలమున జవాబు లేదు. నేటి పండితులు యశస్సులో పెద్దపాలు రోగనిరోధకశక్తికే యిచ్చుచున్నారు. మేమును అదియే న్యాయమని తలంతుము. అయినను జ్వరమన్నది ఎల్లప్పుడును రోగమే కాదు, ఒకప్పుడు మందగుననెడి యూహ వైద్యుల మనస్సులలో నాటినది కోలీ వలననే. మలేరియా జ్వరము తెప్పించి ఫిరంగిరోగమువలన గలుగు ఉన్మాదమును కుదిర్చిన వాగ్నర్-యౌరెగ్ అను వియన్నా వైద్యునికి 1927లో నోబెల్ బహుమానము వచ్చినది.

1895లో రాంట్గెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. 1898లో క్యూరీదంపతులు రేడియమును కనుగొనిరి. ఆ 1898లోనే స్వీడను దేశమున వెస్టర్‌మార్క్ అను వైద్యుడు గర్భాశయముఖమున పుట్టిన రాచపుండునకు వేడినీటితో చికిత్స చేసి ఫలితములను ప్రకటించెను. లోహపు గొట్టమును చుట్టగా చుట్టి, దానిలో 42 మొదలు 44 డిగ్రీల వేడిగల నీటిని రెండు దినములపాటు ప్రవహింపజేసెడివాడు. కిరణము లాతని చేతిలో లేవు, వెచ్చదన మొక్కటియే. కొన్ని పుండ్లు తగ్గుముఖము పట్టెననియు, పరిసరముననున్న మంచి మాంసమునకు హాని కలుగలేదనియు నాతడు చూచెను. మా దృష్టిలో నీ చరిత్రమున మొదటి నిజమైన మెట్టు ఇది. మంచిదానిని విడిచి చెడ్డదానిని మాత్రమే బాధించు వేడి యొకటి కలదని చూపినవాడు వెస్టర్‌మార్కు.

రెంటిని కలిపినవాడు మ్యూనిచ్ నగరపు క్రిస్టఫ్ మ్యుల్లరు. విద్యుత్ప్రవాహముచే శరీరమును లోపలనుండి వెచ్చజేయు డయాథర్మీని ఎక్స్-కిరణములతో జోడించి కంతులకు వాడినట్లు 1910లో నాతడు ప్రకటించెను. 1921లో న్యూయార్కున రోడెన్‌బర్గ్, ప్రైమ్ అనువారు జంతువుల కంతులపై పరీక్షించి, వేడి తోడైనచో తక్కువ కిరణములతోనే కంతి నశించుననియు, ఆ వేడిగాని ఆ కొద్ది కిరణములుగాని విడివిడిగా నా పనిని చేయజాలవనియు చూపిరి. 1935లో అమెరికాలోని రాచెస్టరు విశ్వవిద్యాలయమున స్టాఫర్డ్ వారెన్, ఆశ వదలుకొన్న 32గురు రోగులను దీపములు గల పెట్టెలో పరుండబెట్టి జ్వరమంత వేడి తెప్పించి, కిరణములును ప్రసరింపజేసెను. పెక్కుమందికి కొన్ని నెలలు ఉపశమనము కలిగెను. (ఈ వారెన్ తరువాత ఆటంబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రయత్నమున వైద్యశాఖాధికారి యయ్యెను. ఒకే మనుష్యుని జీవితమున కిరణముల రెండు ముఖములును కనబడినవి.)

అటుపిమ్మట పెక్కేండ్లు ఈ మార్గము దాదాపు పాడుపడెను. ఒక కారణము కిరణయంత్రముల యభివృద్ధి. 1951లో కెనడాలో కోబాల్టు యంత్రములు వచ్చినవి. లోతుననున్న కంతికి సైతము బలమైన కిరణము చేరసాగెను. బలవంతుడైన సేనాని దొరకినప్పుడు సహాయునెవ్వరు పిలుతురు? రెండవ కారణము ఇంకను ముఖ్యము. కంతిలోపల వేడి ఎన్ని డిగ్రీలున్నదో చూచు సాధనము వైద్యునికి సరిగా లేకుండెను. కొలత లేనిచోట శాస్త్రము నిలువదు.

మరల నీ దారి తెఱచినది ప్రాణవాయువును గూర్చిన పరిశోధన. కిరణములు కణము నొక దెబ్బతో కాల్చివేయవు, కణగర్భముననున్న డి.ఎన్.ఏ. తంతువును తెంపును. తెగినచోట ప్రాణవాయువున్నచో ఆ తెంపు స్థిరపడును. లేనిచో తంతువు మరల సరిపడుటకు వీలుండును. ప్రాణవాయువు లేని కణమును చంపుటకు ఇంచుమించు మూడురెట్ల కిరణములు కావలెనని 1953లో ఇంగ్లండులోని గ్రే యను శాస్త్రజ్ఞుడును ఆతని సహచరులును స్పష్టపఱచిరి. 1955లో థామ్లిన్సన్, గ్రే కలిసి ఊపిరితిత్తుల కంతులను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. రక్తనాళమునకు దగ్గఱనున్న కణములు బాగుగా బ్రతుకుచున్నవి. మిక్కిలి దూరముననున్నవి చచ్చినవి. ఈ రెంటి నడుమ ఊపిరాడక కొసప్రాణముతో నున్న కణము లొక వరుస యుండవలెనని వారు తేల్చిరి. కిరణములకు లొంగక దాగికొని, తరువాత మరల కంతిని పెంచగలవి యీ కణములే.

ఇచ్చట చదువరు లొక చిత్రమును గమనింపవలెను. ఆహారము చాలక, ఆమ్లము పేరుకొని కృశించియున్న ఆ కణములే వేడికి అందఱికంటె ముందు లొంగును. అంతియే కాదు. ప్రతికణమును రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు మఱియొక ప్రతి వ్రాసికొనును. ఆ వ్రాతకాలమున కణము కిరణములకు అంతగా లొంగదు. 1971లో అమెరికాలో వెస్ట్రా, డ్యూయీ అనువారు హామ్‌స్టరను నెలుకజాతి జంతువు కణములను తీసికొని, ఆ వ్రాతకాలముననే కణము వేడికి మిక్కిలి సుకుమారమై యుండునని చూపిరి. కిరణము ఎవరిని విడిచిపెట్టునో వారిని వేడి పట్టుకొనును. ఒకరికొకరు చెప్పుకొనకయే పని పంచుకొన్న యన్నదమ్ములవలె నున్నవి యీ రెండును.

ఈ యుత్సాహముతో 1960 మొదలు వేడి మరల ఆసుపత్రులలో ప్రవేశించెను. క్లీవ్‌లండులో జార్జి క్రైల్ ఎలుకల పాదములపై నాటిన కంతులకు వేడిని కిరణములను కలిపి ప్రయోగించి 1963లో ప్రకటించెను. 1967లో రోముననున్న కావలియేరీయు ఆతని తోడివారును వేడిచేసిన రక్తమును అవయవములలో ప్రవహింపజేసిరి. ఎడింబరోలో పెట్టిగ్రూ రోగిని మత్తులో నుంచి, కరగిన మైనపు తొట్టిలో ముంచి దేహమంతయు వేడెక్కించెడివాడు. 1974లో ఆ వృత్తాంతము వెలువడెను. చదువుచుండగనే మాకు గుండె దడదడలాడినది. 1975లో వాషింగ్టనున వేడిని కిరణములను గూర్చి మొదటి అంతర్జాతీయ సభ జరిగినది.

ఆ కాలపువారి లక్ష్యము 43 డిగ్రీలు. పరిశోధనశాలలో పాత్రలలో పెంచిన కణములు ఆ వేడికి తామే చచ్చును. 43 దాటిన పిమ్మట ప్రతిడిగ్రీకి చచ్చుటకు పట్టు కాలము సగమగును. కావున ఎంత వేడియైన అంత మేలని తలంచిరి. ఇందు రెండు చిక్కులు వచ్చిపడినవి. ఒకటి కణముల తెలివి. ఇటలీదేశమున రిటోసా యను నాతడు పండ్లపై వ్రాలు చిన్న ఈగల కణములు వేడికి తమ వారసత్వతంతువులపై క్రొత్త ఉబ్బులను పుట్టించుకొనుటను 1962లో ప్రకటించియుండెను. ఆ ఉబ్బులు, వేడి దెబ్బనుండి కాపాడు మాంసకృత్తులను తయారుచేయు పనికి గుర్తులని తరువాత తెలిసినది. ఒకసారి వేడి తగిలిన కణము వీనిని ధరించి, మఱునాటి వేడిని లక్ష్యపెట్టదు. అందువలన ప్రతిదినము వేడిచేయుట వ్యర్థము. వారమునకు ఒకటి రెండు మారులే తగును.

రెండవ చిక్కు యంత్రములది. అమెరికాలో పెక్కు ఆసుపత్రులు కలిసి చర్మమునకు దగ్గఱనున్న కంతులపై కిరణములను మాత్రమే యొక వర్గమునకును, కిరణములతోపాటు వేడిని మఱియొక వర్గమునకును ఇచ్చి పోల్చిన పరీక్షాఫలితము 1989 ప్రాంతమున తెలిసెను. మొత్తముమీద రెండువర్గములకును భేదము కానరాలేదు. మూడు సెంటిమీటరులకు లోపలి చిన్నకంతులలో మాత్రము మేలు కనబడెను, ఏలయన నాటి యంత్రములు వానినే సరిగా వెచ్చజేయగలిగినవి. పెద్దకంతి ఒకమూల కాలుచుండగా మఱియొక మూల చల్లగనే యుండెడిది. మా యభిప్రాయమున ఆ పరీక్షలో ఓడినది యంత్రము, సిద్ధాంతము కాదు. కాని అమెరికాలో పెక్కువైద్యులు ఆ భేదమును పాటింపక వెచ్చదనమును మూలబెట్టిరి. తడిసిన కట్టెతో పొయ్యి రాజుకొనకున్న బియ్యమును నిందించినట్లాయెను.

యూరపులో ఓపిక పట్టిరి. 1995లో డెన్మార్కు వైద్యుడు ఓవర్‌గార్డ్ మొదలగువారు మెలనోమా యను చర్మపు రాచపుండు గల 70గురిపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. రెండేండ్లకు కంతి అణగియున్నవి కిరణములతో 28 శాతము, వేడియు కలిపినచో 46 శాతము. 1996లో రొమ్ము రాచపుండు గల 306గురి ఫలితములు వచ్చినవి. కంతి పూర్తిగా మాయమైనది 41 శాతమునకు బదులు 59 శాతమున. 2000లో నెదర్లాండ్సు పరీక్ష వెలువడెను. దానిలో గర్భాశయముఖపు రాచపుండు ముదిరిన 114గురు స్త్రీలు కలరు. మూడేండ్లకు బ్రతికియున్నవారు కిరణములు మాత్రమే పొందినవారిలో 27 శాతము. వెచ్చదనమును కూడ పొందినవారిలో 51 శాతము. పండ్రెండేండ్లకు లెక్కించినప్పుడును 20 శాతమునకు 37 శాతముగా భేదము నిలిచియేయుండెను.

ఈ పరీక్షలలో నొక విచిత్రము బయటపడెను. వైద్యులు 43 డిగ్రీలను కోరిరి. కంతులు పెక్కింట 40, 41, 42 డిగ్రీలకే చేరెను. పాత్రలోని కణముల లెక్కచొప్పున ఆ కొద్దివేడికి కణములు చావరాదు. అయినను మేలు కలిగినది! ఎట్లు కలిగినదని వెదకినవారికి రెండు సమాధానములు దొరకినవి. మొదటిది రక్తప్రవాహము. మిన్నెసోటాలోని సాంగ్ మొదలగువారు, 40 మొదలు 42 డిగ్రీల వెచ్చదనమున కంతిలో రక్తప్రవాహము పెరిగి, ఊపిరాడని కణములకు ప్రాణవాయువు చేరునని చూపిరి. ప్రాణవాయువు చేరినచో అవి కిరణములకు లోబడును. ఇంతకంటె ఎక్కువ వేడిచేసినచో కంతిలోని బలహీనమైన రక్తనాళములు చెడిపోయి, చేరవలసిన ప్రాణవాయువు చేరదు. అనగా తీవ్రమైన వేడి తన సహాయమును తానే చెఱుపుకొనును!

రెండవది మాకు మఱింత హృద్యముగ తోచినది. తాళపత్రమున నొక పంక్తిని పురుగు తినివేసినచో, లేఖకుడు ప్రత్యంతరమును చూచి ఆ పంక్తిని పూరించును. కణమును తెగిన డి.ఎన్.ఏ.ను ఇట్లే తన రెండవ ప్రతిని చూచి బాగుచేసికొనును. ఈ పనిలో బి.ఆర్.సి.ఏ.-2 అను మాంసకృత్తు ముఖ్యుడైన లేఖకుడు. 41 మొదలు 42.5 డిగ్రీల వెచ్చదనమున ఆ మాంసకృత్తు కొన్నిగంటలపాటు క్షీణించిపోవుననియు, అంతవఱకు కణము ఆ విధముగా బాగుచేసికొనజాలదనియు 2011లో నెదర్లాండ్సు పరిశోధకులు తెలిపిరి. లేఖకుడు లేని వేళ చూచి కిరణము పత్రమును చింపుచున్నది. కిరణములకును వెచ్చదనమునకును నడుమ కాలవ్యవధి తక్కువగా నుండవలెననుట కిది యొక కారణము.

ఇన్ని చెప్పియు, ప్రతికూలముగా నున్నదానిని దాచుట మాకు తగదు. 1999లో సిస్‌ప్లాటిన్ అను మందును కిరణములతో కలిపి యిచ్చినచో గర్భాశయముఖపు రాచపుండు రోగులు ఎక్కువకాలము బ్రతుకుదురని పెక్కు పరీక్షలు ఒక్కమారుగ తెలిపెను. ఆ మందు ఇచ్చుటకు సూది చాలును. వెచ్చదనమునకు పెద్దయంత్రమును, నేర్పరులును కావలెను. లోకము సులభమైనదానిని గ్రహించెను. నెదర్లాండ్సు పరీక్షలో కిరణములు మాత్రమే పొందినవారి ఫలితములు ఇతరదేశములకంటె తక్కువగా నున్నవను విమర్శయు వచ్చెను. అంతర్జాతీయ పరమాణుశక్తి సంస్థ ఆధ్వర్యమున ఈ రోగమే గల 110మంది స్త్రీలపై జరిగిన పరీక్ష 2005లో వెలువడెను. అందు వెచ్చదనమువలన మేలు కనబడలేదు. కొందఱికి కీడే కనబడెను. అచ్చటి వేడిచేయు విధానము సరిపోలేదని కొందఱందురు. కావచ్చును. ఈ చికిత్సలో యంత్రమును, దానిని నడపు చేతియు మందులో భాగములేయని మేము తలంతుము.

ఇంటి పెద్దలకు ఒకమాట చెప్పవలసియున్నది. వెచ్చదనము మంచిదని విని రొమ్ములోని గడ్డకు ఉప్పుమూటతో కాపడము పెట్టుకొని ఇంటిలో కూర్చుండుట ఆత్మహత్యతో సమానము. కాపడము చర్మమును వెచ్చజేయును. లోతుననున్న కంతిని 41 డిగ్రీలకు తెచ్చి గంటసేపు నిలుపదు. నిలిపినను కిరణములు లేనిచో ప్రయోజనము కొంచెము. మనదేశమున స్త్రీలకు వచ్చు రాచపుండ్లలో గర్భాశయముఖపుదానిది రొమ్ముపుండు తరువాతి స్థానము. సిగ్గుచేతను, ఇంటిలో చెప్పిన నేమందురోయను భయముచేతను, ముదిరినపిమ్మటనే మన యాడువారు వైద్యునికడకు వత్తురు. నెదర్లాండ్సు పరీక్షలోని స్త్రీలును ముదిరిన దశలోనివారే. కావుననే ఆ యంకెలు మనకు పరాయివిగా తోచలేదు.

ఆ పరీక్షలో వెచ్చదనము నిచ్చిన విధము చెప్పుదుము. వారమున కొకమారు, మొత్తము ఐదుమార్లు. కిరణచికిత్స ముగిసిన ఒకగంట మొదలు నాలుగు గంటలలోపల ఆమెను వరుసగా యంత్రమున పరుండబెట్టుదురు. నడుము చుట్టును విద్యుత్తరంగములను ప్రసరించు సాధనము లుండును. దేహమునకును వానికిని నడుమ నీటిసంచు లుంతురు. సన్నని ఉష్ణమాపకములను కంతి దగ్గఱకు చేర్చుదురు. కంతి 42 డిగ్రీలకు చేరిన పిమ్మట గంటసేపు ఉంచుదురు. చేరకున్నను తొంబది నిమిషములకు మించి యుంచరు. ఆ సమయమున ఆమె మత్తులో నుండదు. ఏ ప్రక్కనైన మంటగానున్నదని ఆమె చెప్పినచో, ఆ ప్రక్కకు పోవు తరంగములను తగ్గించి మఱియొక ప్రక్కకు త్రిప్పుదురు. ఉష్ణమాపకము చేరని చోట్ల వేడి యెంతయున్నదో వైద్యునికి తెలుపునది ఆమె మాటయే.